5జీకి 700 బ్యాండా, 3300 బ్యాండా?
బ్యాండ్ అంటే ఫోన్ సిగ్నల్ నడిచే రేడియో తరంగాల పట్టీ. 2022 ఆగస్టులో ముగిసిన 5జీ బ్యాండ్ల వేలంలో 700 మెగాహెర్ట్జ్‌ను జియో కొంది, ఎయిర్‌టెల్ ముట్టుకోలేదు. 3300 మాత్రం ఇద్దరూ తీసుకున్నారు.

700 తరంగం చాలా దూరం పోతుంది, గోడల్లోంచి కూడా బాగానే దూరుతుంది, కాబట్టి పాడేరు, అరకు వైపు తక్కువ టవర్లతోనే ఎక్కువ ఊళ్లకు సిగ్నల్ ఇవ్వచ్చు (కొండ అడ్డమొస్తే అదీ చేతులెత్తేస్తుందనుకోండి). కానీ దారి ఇరుకు, ఒకేసారి ఎక్కువ డేటా పట్టదు: జియోకి ఉన్నది పోను 10, రాను 10 మెగాహెర్ట్జే.

3300లో ఒక్కో కంపెనీకి 100 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. పైగా తరంగం పొడవు సుమారు 9 సెంటీమీటర్లే, 700కి అయితే 43. అందుకే ఒకే ప్యానెల్‌లో బోలెడు చిన్న యాంటెన్నాలు పేర్చి, సిగ్నల్‌ను ఫోన్ ఉన్న వైపే గురిపెట్టి పంపడం కుదురుతుంది. సాయంత్రం అమీర్‌పేటలో వేలమంది ఒకేసారి వీడియోలు చూస్తుంటే ఆదుకునేది ఇదే. లోపలి గదిలోకి వెళ్తే మాత్రం పడిపోతుంది. టవర్లు దగ్గరదగ్గరగా వేయాలి, అద్దె, కరెంటు, ఫైబర్ అన్నీ పెరుగుతాయి.

నన్నడిగితే ఏజెన్సీలో ముందు 700, సిటీలో ముందు 3300. 5జీ గుర్తుంది గానీ స్పీడ్ లేదని తిట్టుకునేవాళ్లు, ఫోన్ ఏ బ్యాండ్ పట్టుకుందో ఒకసారి చూడండి.