రాక్ గిటారిస్టు నేపథ్య సంగీతంలోకి దిగితే: ముందు సినిమానా, టీవీ సిరీసా?

పేరు, హంగు చూస్తే సినిమాదే పైచేయి. కానీ బ్యాండ్ నుంచి వచ్చే గిటారిస్టు ముందు టీవీలో పని నేర్చుకోవడమే మేలు.

గంట డ్రామా ఎపిసోడ్ అసలు నిడివి, ప్రకటనలు పోగా, 42–44 నిమిషాలు. అందులో ఇరవై నిమిషాల సంగీతం వారం పది రోజుల్లో అందాలి. అంత తొందరలో ఆర్కెస్ట్రాను పిలవడం కుదరదు. కాబట్టి ఒక అకూస్టిక్ గిటార్, కీబోర్డ్, కాస్త పెర్కషన్‌తో సీన్ నడిపినా ఎవరికీ లోటనిపించదు. స్నఫీ వాల్డెన్ నడిచిన దారి ఇదే. స్ట్రే డాగ్ అనే రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయించిన ఆయన 1987లో మొదలైన 'థర్టీసమ్‌థింగ్' సిరీస్‌ను అకూస్టిక్ గిటార్‌తోనే నడిపారు. 'ది వెస్ట్ వింగ్' టైటిల్ సంగీతానికి 2000లో ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) అందుకున్నారు.

సినిమాకు సాధారణంగా నెలన్నర, రెండు నెలలు దొరుకుతాయి. అయితే ఎడిటింగ్ చివరిదాకా మారుతూనే ఉంటుంది, రాసిన క్యూ (ఒక సీన్‌కు కట్టిన సంగీతం ముక్క) మళ్లీ రాయాలి. ఆర్కెస్ట్రా రాత రానివాళ్లు పూర్తిగా ఆర్కెస్ట్రేటర్ (బాణీని వాయిద్యాలవారీగా రాసిచ్చే వ్యక్తి) చేతిలో ఉంటారు. యెస్ అనే రాక్ బ్యాండ్ వదిలిన ట్రెవర్ రేబిన్ 'కాన్ ఎయిర్' (1997), 'ఆర్మగెడాన్' (1998) లాంటి భారీ సినిమాలు మోయగలిగారంటే, ఆయనకు పియానో, ఆర్కెస్ట్రేషన్ ముందే వచ్చు కాబట్టే. ఆ పునాది లేనివాళ్లు మొదట్లోనే తప్పు చేసేది ఆక్టేవ్ (స్థాయి) దగ్గర: గిటార్ నొటేషన్‌లో రాసినదానికి ఒక ఆక్టేవ్ కింద మోగుతుంది. దాన్ని అలాగే వయోలాకు (వయొలిన్ కన్నా కాస్త పెద్ద తీగ వాయిద్యం) కాపీ చేస్తే అనుకున్నదానికి ఒక ఆక్టేవ్ పైన వినిపిస్తుంది.

ఎటు వెళ్లినా తప్పని తలనొప్పి రిఫ్, అంటే గిటార్‌పై పదేపదే తిరిగే చిన్న బాణీ. నాలుగు బార్ల (తాళం ఆవృత్తాల) అలవాటు కట్‌ను, అంటే షాట్ మారే చోటును, పట్టించుకోదు. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) బీటుకు అర సెకను, అంటే 24 ఫ్రేముల వేగంలో 12 ఫ్రేములు. కట్ 17వ సెకనులో పడితే 34 బీట్లు: నాలుగేసి బీట్ల ఎనిమిది బార్లు పోగా రెండు బీట్లు మిగులుతాయి. అక్కడ రెండు బీట్ల బార్ (2/4) ఒకటి చొప్పించాలి, లేదా టెంపో కాస్త కదపాలి. రిఫ్‌ను సాగదీస్తే అతుకు తెలిసిపోతుంది.

డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) ఇంకో చిక్కు. దాంతో పుట్టే ఓవర్‌టోన్లు మాట స్పష్టతనిచ్చే 1–4 కిలోహెర్ట్జ్ మీదే కూర్చుంటాయి. మిక్సింగ్‌లో డైలాగ్‌దే గెలుపు, గిటార్ ఫేడర్ కిందికి పోతుంది. మాటల కింద గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) తగ్గించండి, బరువైన పవర్ కార్డ్ బదులు శబ్దం మెల్లగా పెరిగే వాల్యూమ్ స్వెల్ వాడండి. ఆంప్‌తోపాటు డీఐ ట్రాక్ (ఆంప్ లేకుండా నేరుగా తీసిన గిటార్ సిగ్నల్) కూడా రికార్డ్ చేసుకుంటే, టోన్ నచ్చలేదన్నప్పుడు మళ్లీ వాయించకుండా ఆ ట్రాక్‌నే ఆంప్‌లోకి పంపి రీఆంప్ చేసేయొచ్చు.

డబ్బు లెక్కలోనూ టీవీకే కొంత మొగ్గు. అమెరికా థియేటర్లు సంగీత ప్రదర్శనకు రాయల్టీ కట్టవు. టీవీ ప్రసారానికి మాత్రం వస్తుంది, పునఃప్రసారానికి కూడా. కానీ అది క్యూ షీట్‌లో (ఏ సంగీతం ఎంతసేపు వాడారో చెప్పే జాబితా) సెకన్లతో సహా నమోదైతేనే. షీట్ పంపే పని నిర్మాణ సంస్థది కదా అని వదిలేయకండి, కాపీ తెప్పించుకుని చూసుకోండి. అన్నిటికీ కలిపి ఒకే మొత్తం ఇచ్చే ప్యాకేజీ ఒప్పందమైతే వాయిద్యకారులు, స్టూడియో, మిక్సింగ్ అన్నీ మీ మొత్తంలోంచే పోతాయి. చిన్న సినిమాల్లో పారితోషికం కరిగిపోయేది సరిగ్గా ఇక్కడే.

నొటేషన్ సాఫీగా చదివి, తీగ వాయిద్యాలకు రాయగలిగితే, పైగా నమ్మే దర్శకుడు చేతిలో ఉంటే మాత్రం టీవీ మెట్టు అక్కర్లేదు, నేరుగా సినిమాకే వెళ్లొచ్చు.