రకం మార్చాలా, పంటే మార్చాలా?

వాన ఎప్పుడొస్తుందో, ఎంత కురుస్తుందో తెలియని ఈ రోజుల్లో వరి రైతు ముందు రెండు దారులున్నాయి: వరిలోనే తట్టుకునే రకం వేయడం, లేదా సజ్జ, జొన్న లాంటి పంటకు మారడం.

రకం మార్చడం తేలిక. పనిముట్లు అవే, పని అలవాటైనదే, అమ్ముకునే చోటూ అదే. ముంపు ప్రాంతాలకైతే నేను గట్టిగా దీన్నే చెబుతాను, ఎందుకంటే స్వర్ణ-సబ్‌1 లాంటి రకాలు దాదాపు రెండు వారాలు నీళ్లలో మునిగినా ఎదుగుదల ఆపుకుని, ఉన్న శక్తిని దాచుకుని, నీరు తీశాక మళ్లీ చిగురిస్తాయి. సజ్జ అయితే చేలో నీరు నిలిస్తేనే దెబ్బతింటుంది. కానీ ముంపును తట్టుకునే రకం ఎండనూ తట్టుకుంటుందని అనుకోవద్దు. పూత సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే వరిలో పుప్పొడి పాడై తాలు గింజలు పెరుగుతాయి.

నీళ్లే లేని చోట లెక్క వేరు. 400 మిల్లీమీటర్ల వానతో సజ్జ గట్టెక్కుతుంది, వరికి దానికి రెండు మూడు రెట్లు కావాలి. అసలు టెన్షన్ అమ్మకం దగ్గరే: కొనేవాళ్లనూ గిట్టుబాటు ధరనూ చూపించకుండా పంట మార్చమని రైతుకు చెప్పడం అన్యాయం. మారేవాళ్లు పొలమంతా ఒకేసారి మార్చకండి, నీరు అందని మెరక చెక్కతో మొదలుపెట్టండి.