రాకెట్ ముక్కుకు అంకుడా, బాల్సానా, త్రీడీ ప్రింటా? ఏది మేలు?

పోయిన ఆషాఢంలో నాలుగు రోజులు వదలకుండా ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున చూస్తే, బీరువా మీద నిలబెట్టిన బిగ్ బెర్తా (ఎస్టెస్ అనే అమెరికా కంపెనీ పాత మోడల్ రాకెట్‌కు నేను చేసిన నకలు) కాగితపు గొట్టం మూతి దగ్గర నిలువునా చీలి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, కింద పడలేదు. రాకెట్ ముక్కులో గొట్టంలోకి దిగిన అంకుడు చెక్క భాగం చెమ్మ పీల్చుకుని ఉబ్బింది. అర మిల్లీమీటరు మందం కాగితం ఎంతకని తట్టుకుంటుంది? మాది ఎంవీపీ కాలనీలో సముద్రపు గాలి నేరుగా తగిలే ఇల్లు.

అంత జరిగినా, విశాఖలో ఉండి పాత మోడల్ రాకెట్లకు నకళ్లు చేసుకునేవాళ్లు ముక్కుకు ఏ సరుకు వాడాలని అడిగితే అంకుడే అంటాను. మిగతా రెండు దారులూ నడిచి చూశాకే ఈ మాట అంటున్నాను.

కొత్తవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 1954లో అమెరికాలోని నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్, పారాచూట్‌తో తిరిగి కిందికి దిగే చిన్న రాకెట్‌ను తయారుచేశాడు. 1958లో డెన్వర్‌లో వెర్న్ ఎస్టెస్ అలాంటి రాకెట్లకు మోటార్లు చేసే యంత్రం కట్టి, దానికి మేబెల్ అని పేరు పెట్టాడు. 1961లో ఆయన కంపెనీ పెన్రోజ్ అనే ఊరికి మారింది. ఆ తొలి రోజుల కిట్టు విప్పితే చుట్టిన కాగితపు గొట్టం, లేత్ మీద తిప్పిన బాల్సా అనే తేలిక చెక్క ముక్కు, రెక్కలకు బాల్సా పలక ఉండేవి. ప్లాస్టిక్ ముక్కులు తర్వాత వచ్చాయి. ఆ పాత డబ్బాలు మన చేతికి వచ్చే దారి లేదు కానీ, వాటి కొలతలు దొరుకుతాయి. ఆ కొలతలు ముందు పెట్టుకుని, గొట్టం దగ్గర నుంచి అన్నీ మన చేత్తో చేసుకోవడమే ఈ హాబీ.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను చేసేవి షెల్ఫులో పెట్టుకునేవి, ఎగరేసేవి కావు. మోటారులో ఉండేది తుపాకీ మందు. దాన్ని తయారుచేయడానికి, నిల్వ చేయడానికి 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం కింద లైసెన్సు కావాలి. దీపావళి సామాను విప్పి ఆ మందు గొట్టంలో దట్టిద్దామనుకునే కుర్రాళ్లకు దణ్ణం పెట్టి చెబుతున్నాను, ఆ పని చేయకండి, వేళ్లు పోతాయి. పైగా మన ఊళ్లోనే ఉంది నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా. ఊరి మీద ఆకాశంలోకి ఏదో ఒకటి వదిలి చూసే చోటు కాదిది.

ఇక ముక్కు సంగతి. ముందు త్రీడీ ప్రింట్ గురించి న్యాయంగా మాట్లాడాలి. కొలత విషయంలో దాన్ని కొట్టేది లేదు. కంప్యూటర్‌లో గీసిన వంపు గీసినట్టే వస్తుంది, పది ముక్కులు కావాలంటే పదీ ఒకేలా వస్తాయి. మొదటి నకలుకు నేనూ ప్రింటే వేయించాను. కానీ దాని మీద వేలు పెట్టి చూస్తే పొర పొరా తెలుస్తుంది. ఎమిరీ పేపర్ పట్టి, ప్రైమర్ కొట్టి, మళ్లీ ఎమిరీ పట్టి ఆ గీతలు పోగొట్టేసరికి రెండు ఆదివారాలు అయిపోయాయి. ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో తలుపులన్నీ వేసిన కారులో దాన్ని వదిలి వెళ్లకండి. అంతకన్నా నాకు పట్టింపు ఉన్న విషయం వేరే ఉంది. అసలు ముక్కు చెక్కది, లేత్ మీద తిప్పింది. నకలులో ముక్కు ప్లాస్టిక్‌దైతే ఆకారం కలుస్తుంది గానీ పని కలవదు.

బాల్సా అసలుకు అచ్చంగా సరిపోయే సరుకు. దక్షిణ అమెరికా చెట్టు, దూదిలాంటి చెక్క. పలకలు పోస్టులో తెప్పించుకోవచ్చు, ముక్కుకు కావలసిన మందపాటి దిమ్మ దొరకడమే కష్టం. పలకలు ఫెవికాల్‌తో ఒకదాని మీద ఒకటి అంటించి, మధ్యలో పుల్ల గుచ్చి, డ్రిల్లు మిషన్‌కు బిగించి తిప్పుతూ ఎమిరీ పట్టాను. బాగానే వచ్చింది. కానీ జిగురు గీత ఉన్నచోట చెక్క అరగదు, పక్కన గబగబా అరిగిపోతుంది, చివరికి చిన్న గట్టులు మిగులుతాయి. గోరు తగిలితే సొట్ట పడుతుంది. సీలర్ నాలుగైదు పూతలు వేస్తే గానీ రంధ్రాలు పూడవు. మోటారు పెట్టి ఎగరేసే దేశంలో ఉంటే నేనూ బాల్సాకే ఓటేసేవాణ్ణి. బిగ్ బెర్తా మొత్తం బరువు 62 గ్రాముల చిల్లర. దాన్ని ఎగరేయడానికి వాడే బీ6-4 రకం మోటారు మోయగలిగే గరిష్ఠ బరువు 113 గ్రాములు. అంకుడు ముక్కు పెడితే పాతిక ముప్పై గ్రాములు ఒక్క ముక్కు దగ్గరే పెరుగుతాయి. ముందు వైపు బరువు ఉండటం రాకెట్ నిలకడకు మంచిదే గానీ, ఎత్తు మాత్రం తగ్గుతుంది. షెల్ఫు మీద నిలబడే రాకెట్‌కు ఆ బరువు లెక్క లేదు.

అంకుడు కర్ర కోసం ఏటికొప్పాక వెళ్లాను. హైవే మీద యలమంచిలి దాటాక అడ్డరోడ్డు దగ్గర దిగితే వరాహ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. అక్కడి లక్క బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన నా కాగితం తిరగేసి మరగేసి చూసి, “ఏం బాబూ, గోపురం మీద కలశమా?” అన్నారు. “కాదు తాతా, రాకెట్ ముక్కు” అంటే, “అయితే మొన ఇంకా సన్నం కావాలి కదా” అని ఆయనే సందేహపడ్డారు. బిగ్ బెర్తా ముక్కు మొద్దుగా, గుండ్రంగానే ఉంటుందని చెప్పాక లేత్ ఆన్ చేశారు.

ఉలి ఆనగానే అంకుడు చెక్క రిబ్బన్‌లా ఊడి వచ్చింది. ఆ చెక్క పాలరంగులో ఉంటుంది, నార సన్నం. బాల్సాలా పీచు లేవదు. పావుగంటలో వంపు తేలింది. తర్వాత ఆయన తిరుగుతున్న చెక్క మీద లక్క కడ్డీ ఆనించారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంది. దాని మీద మొగలి ఆకు నొక్కి పట్టేసరికి అద్దంలా మెరిసింది. ప్రైమర్ లేదు, స్ప్రే డబ్బా లేదు, పూతల మధ్య ఎదురుచూపు లేదు. ఇంట్లో వారం పట్టే ఫినిషింగ్ నా కళ్ల ముందు అరగంటలోపు అయింది. ఏ ప్రింటరూ నాకు ఆ సంతోషం ఇవ్వలేదు.

తప్పు నా వైపే జరిగింది. ఆయనకు కొలతలు రాసిన కాగితం ఇచ్చాను గానీ గొట్టం ముక్క పట్టుకెళ్లలేదు. గొట్టంలోకి దిగే మెడ భాగం బిగుతుగా వచ్చింది. కొత్తలో నొక్కితే దిగింది కాబట్టి బాగుందనుకున్నాను, వానాకాలం దాని పని అది చేసింది. రెండోసారి గొట్టం ముక్క చేతికిచ్చి, మెడ అర మిల్లీమీటరు వదులుగా తిప్పించాను. వదులు పూడ్చడానికి కాగితం టేపు ఒక చుట్టు చాలు. మెడకు, అడుగుకు కూడా లక్క పట్టించమని అడగండి. చెక్క ఎక్కడ బయటపడి ఉంటే అక్కడి నుంచే చెమ్మ ఎక్కుతుంది.

గొట్టం విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు. బట్టల షాపుల తాన్ల గొట్టాలు మరీ మందం, కిచెన్ టిష్యూ గొట్టాలు మరీ పొట్టి. బిగ్ బెర్తాకు కావలసింది 41.6 మిల్లీమీటర్ల వెలుపలి కొలత, దాదాపు 46 సెంటీమీటర్ల పొడవు. హార్డ్‌వేర్ షాపులో దొరికే 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద పాలిథిన్ కాగితం చుట్టి, దాని మీద బ్రౌన్ పేపర్ ఐదారు చుట్లు ఫెవికాల్‌తో చుడితే ఆ కొలత దగ్గరికి వచ్చేస్తుంది. పాలిథిన్ ఉంటే ఆరాక గొట్టం జారి వస్తుంది. ఫ్యాక్టరీ గొట్టం మీద తాడు పేనినట్టు ఏటవాలు గీత కనిపిస్తుంది, మనది నిలువు అతుకు. రంగు పడ్డాక రెండూ కనిపించవు.

రెక్కలకు మాత్రం బాల్సాయే. మౌంట్ బోర్డు చవక, కోయడం తేలిక, కానీ మన వానలకు అప్పడంలా వంగుతుంది. పలక మీద రెక్క గీసేటప్పుడు చెక్క నార రెక్క ముందు అంచు వెంట పోయేలా పెట్టుకోండి, లేదంటే చిన్న దెబ్బకే విరుగుతుంది. రెండు వైపులా పల్చటి తెల్ల కాగితం అంటిస్తే సీలర్ పూతలు తప్పుతాయి, రెక్క గట్టిపడుతుంది. అక్షరాలు రేడియం స్టిక్కర్ షాపులో కోయించుకుంటున్నాను. అంచు కొంచెం మందంగా కనిపిస్తుంది, అయినా నాకు ఫర్వాలేదు.

ఆ 40 మిల్లీమీటర్ల పైపు ఇప్పుడు ఇంకో పనికి వస్తోంది. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన మన రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశ వ్యాసం ఒక మీటరు. 24వ వంతు చేస్తే 41.7 మిల్లీమీటర్లు, బిగ్ బెర్తా గొట్టమే సరిపోతుంది. 22 మీటర్ల రాకెట్ 92 సెంటీమీటర్లకు దిగుతుంది. రెండో దశ వ్యాసం 80 సెంటీమీటర్లు కాబట్టి దానికి 32 మిల్లీమీటర్ల పైపు తెచ్చాను. గొట్టాలు రెండూ ఆరాయి. ఈసారి రెండింటి ముక్కలూ కోసి సంచిలో పెట్టుకున్నాను, ఆదివారం అడ్డరోడ్డు బస్సెక్కాలి.