రాజీవ్ రహదారి: ప్యారడైజ్ నుంచి మంచిర్యాల దాకా ఎక్కడ ఆగాలి, ఎక్కడ నెమ్మదించాలి

పట్నంలో ఇది కరీంనగర్ రోడ్డు, కరీంనగర్‌లో ఇదే హైదరాబాద్ రోడ్డు. కాగితాల మీద తెలంగాణ 1వ నంబరు రాష్ట్ర రహదారి. సికింద్రాబాద్ ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట, గజ్వేల్ ప్రజ్ఞాపూర్, సిద్దిపేట, కరీంనగర్, సుల్తానాబాద్, పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా గోదావరి దాటి మంచిర్యాల చేరుతుంది. సిద్దిపేటకు సుమారు 100 కి.మీ., కరీంనగర్‌కు 160, అక్కడి నుంచి రామగుండం మరో 60 పైచిలుకు.

బండి తీసే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇది కొత్తగా వేసిన దారి కాదు. ఊళ్ల మధ్య నుంచి పోయే పాత రోడ్డునే 2010 తర్వాత నాలుగు వరుసలుగా వెడల్పు చేశారు. పాత మలుపులు చాలాచోట్ల అలాగే మిగిలాయి. నేరుగా ఉన్న రోడ్డు మీద వందలో వచ్చిన కారుకు మలుపు తిరగ్గానే ఊరు ఎదురవుతుంది. డివైడర్ సందులోంచి ట్రాక్టరు అడ్డం వస్తుంది, పక్క ఊరికి పోయే బైకు యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో ఎదురొస్తుంది. ఊరి బోర్డు కనబడగానే అరవైకి దిగడమే క్షేమం.

లారీల రద్దీకి కారణం చివరి కొసన ఉంది. గోదావరిఖనిలో సింగరేణి బొగ్గు గనులు, పక్కనే 1983లో మొదటి యూనిట్ మొదలై 2,600 మెగావాట్లకు పెరిగిన రామగుండం ఎన్టీపీసీ, బసంత్‌నగర్‌లో సిమెంటు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు సరేసరి. హైదరాబాద్ నుంచి కరీంనగర్‌కు నేరు దారిలో రైలు లేదు. మనోహరాబాద్–కొత్తపల్లి లైను మీద సిద్దిపేటకు రైలు వచ్చిందే 2023 అక్టోబరు 3న. అందుకే ఇన్నేళ్ల బరువూ ఈ రోడ్డే మోసింది.

అన్నిటికంటే విసుగు మొదటి 18 కిలోమీటర్లే. కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట దాటి శామీర్‌పేట చేరేసరికి సాయంత్రాల్లో గంట పైనే పడుతుంది. ఈ ముక్కకు ఎలివేటెడ్ కారిడార్ శంకుస్థాపన 2024 మార్చిలో జరిగింది. నగరానికి పడమట ఉండేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శామీర్‌పేట దగ్గర దిగితే ఈ తలనొప్పి లేదు. బస్సుకైతే సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్), అక్కడికి మెట్రో ఉంది. కరీంనగర్‌కు మూడున్నర గంటలు లెక్కేసుకోవాలి. మహిళలకు ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలోనే. సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే టికెట్టు తీసుకోవాల్సిందే.

టోల్ గేట్లు మూడు: దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్. కరీంనగర్ వరకైతే మొదటి రెండే. చాలామంది పొరపడేది ఇక్కడే: 2025 ఆగస్టులో 3,000 రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు జాతీయ రహదారులకే, ఇక్కడ చెల్లదు. ట్యాగ్‌లో విడిగా డబ్బు ఉంచుకోండి.

దారిలో మొదటి మజిలీ వర్గల్ సరస్వతి గుడి. రోడ్డు నుంచి లోపలికి తిరగాలి. అక్షరాభ్యాసానికి వెళ్లేవాళ్లు వసంత పంచమి రద్దీని తట్టుకోలేమనుకుంటే మామూలు రోజు పెట్టుకోవడం మేలు, చిన్నపిల్లలతో వరుసలో నిలబడటం కష్టం. టీకి ప్రజ్ఞాపూర్ బాగుంటుంది. కొమురవెల్లి మల్లన్నకు కూడా ఈ రోడ్డు మీదినుంచే చీలాలి. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం పట్నం వారం. అప్పటి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం బోనాల బండ్లతో దారి నిండిపోతుంది. దర్శనం మాత్రమే కావాలంటే వారం మధ్యలో వెళ్లండి. పట్నాలు (మల్లన్న పేర రంగు పొడులతో వేసే ముగ్గులు) వేయడం, ఒగ్గు కథ చూడాలంటే మాత్రం ఆదివారమే, ఆ ఇబ్బందికి తగ్గ ఫలితం ఉంటుంది.

సిద్దిపేటలో సాయంత్రం కోమటి చెరువు కట్ట హాయిగా ఉంటుంది. కారుంటే చంద్లాపూర్ దగ్గరి రంగనాయక సాగర్ ఇంకా బాగుంటుంది, 3 టీఎంసీల నీళ్ల నడుమ గుట్ట.

రాత్రి బసకు అన్నిటికంటే కరీంనగరే మేలు. బస్టాండు, కోర్టు చౌరస్తా చుట్టూ అన్ని ధరల్లో లాడ్జీలు, హోటళ్లు దొరుకుతాయి. వేములవాడ, కొండగట్టు రెండూ ఇక్కడి నుంచి 35 కి.మీ. లోపే కాబట్టి శని, ఆదివారాలకు ముందే గది పట్టాలి. గోదావరిఖనిలో గదులు ఎక్కువగా గనుల, ప్లాంటు పనుల మీద వచ్చేవాళ్లతో నిండుతాయి. కుటుంబంతో ఉంటే కరీంనగర్‌లోనే దిగి, రామగుండం పొద్దున వెళ్లి రావడం సుఖం.

కరీంనగర్‌లో ఎల్‌ఎండీ (దిగువ మానేరు డ్యామ్) కట్ట సాయంత్రానికి. 24 టీఎంసీల మానేరు జలాశయం వానకాలం చివర నిండినప్పుడు చూడాలి, ఎండాకాలంలో నీళ్లు దూరంగా జరిగిపోతాయి. కొనడానికైతే 2007లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన వెండి ఫిలిగ్రీ. సన్నటి వెండి తీగల్ని పురిపెట్టి, అణచి, చట్రంలో తీగల వంపులు నింపి అతుకుతారు. మంచి పనిలో అతుకు దగ్గర ముద్దగా ఉండదు. వెలుతురుకు పట్టి చూడండి, తీగల మధ్య సందులు అంతటా ఒకేలా కనబడాలి.

ఇక అసలు జాగ్రత్త. వానకాలం పంట చేతికొచ్చే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా, యాసంగికి ఏప్రిల్, మే నెలల్లో ఊళ్ల దగ్గర రోడ్డు పక్క వరుస మీదే వడ్లు ఆరబోస్తారు. రైతుకు కల్లం జాగా లేక చేసే పని అది, తేమ ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. చీకటి పడితే కుప్ప చేసి నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా అంచుల వెంట బండరాళ్లు పెడతారు. నల్ల తారు మీద నల్ల పరదా హెడ్‌లైటు వెలుగుకు దగ్గరికొచ్చేదాకా తెలియదు. బైకుకు ఆ రాయి చాలు. ఆ నెలల్లో చీకటి పడ్డాక ఎడమ అంచు వదిలి డివైడర్ వైపు వరుసలో, డిమ్ లైటుకు కనబడేంత దూరంలో ఆగగలిగే వేగంతోనే వెళ్లాలి. బైకు మీద వచ్చేవాళ్లు పొద్దు గూకకముందే ఊరు చేరేలా బయల్దేరండి.