బాల్కనీలో మూడంతస్తుల కంపోస్ట్ కుండ: ఏడాది దాటాక నా రివ్యూ

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ల ఇల్లు మునిగాక, వాతావరణం గురించి ఏ వార్త చదివినా నాకు నిద్ర పట్టేది కాదు. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద. రికార్డుల్లో అన్నిటికంటే వేడిగా నమోదైన సంవత్సరం కూడా అదే. మా పాప పెద్దయ్యేసరికి ఎలా ఉంటుందోనని ఒకటే టెన్షన్. చేతులకు పని చెప్పాలనిపించి, వంటింటి చెత్తను ఎరువుగా మార్చే ఈ మట్టి కుండల సెట్టు కొన్నాను.

ఒకదాని మీద ఒకటి మూడు కుండలు, పైన మూత. పై రెండింటికీ అడుగు ఉండదు, తాళ్లు అల్లి ఉంటాయి. వాటి మీద పాత పేపరు పరిచి చెత్త వేయాలి. పైది నిండాక మధ్యకు దించి, ఖాళీగా ఉన్న మధ్య కుండను పైకెక్కించాలి. అదీ నిండేలోపు ముందుదాంట్లో సరుకు సగానికి పైగా కుంగిపోతుంది. దాన్ని అడుగు కుండలో దిమ్మరిస్తే అక్కడ మాగుతుంది. మట్టి కుండకు గాలి ఆడుతుంది, చెమ్మ పీల్చుకుంటుంది.

తొక్కలు ఎలాగూ కుళ్లేవే కదా, డంపింగ్ యార్డుకు పోతే ఏమైందని మా అత్తయ్య అడిగారు. అక్కడ గుట్ట కింద గాలి తగలక కుళ్లితే మీథేన్ పుడుతుంది. 20 ఏళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. గాలి తగిలే కుండలో అది చాలా తక్కువ. మా ఒక్క ఇంటి చెత్తతో భూమి చల్లబడదని తెలుసు. అయినా రాత్రి వంటిల్లు సర్దాక, బీరకాయ చెక్కు పచ్చడికి పోగా మిగిలిన తొక్కలు, కొత్తిమీర కాడలు, టీ పిప్పి కుండలో వేసి పైన ఎండాకులు చల్లుతాను. ఆ పనయ్యాక ఫోను పట్టుకుని వార్తలు తిరగేయాలనిపించదు. నిద్ర పడుతోంది. నాకు ఈ కుండ చేసిన పెద్ద మేలు అదే.

అడుగు కుండ తీస్తే ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలకరికి తడిసిన నేల వాసనతో ఉంటుంది. అందులో మామిడి టెంకలు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి, యాపిల్ స్టిక్కర్లు కూడా. అవి ముందే ఏరేయండి. కొబ్బరి బోండాలు అసలు వద్దు. నూనె కూరలు, మాంసం నేను వేయను.

లోపాలున్నాయి. నిండిన కుండ బాగా బరువు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఒక్కరే ఎత్తలేరు. డెలివరీలో మూత అంచు పగిలి వచ్చింది. ఫోటో పంపితే మార్చారు గానీ చాలా తిప్పించుకున్నారు. వానాకాలం తెల్ల పురుగులు పడతాయి. అవి హాని చేయవు, ఎండాకులు ఎక్కువేసి కాస్త వేపపిండి చల్లితే తగ్గుతాయి. చెత్త త్వరగా మాగడానికని సెట్టుతో అమ్మే పొడి మళ్లీ మళ్లీ కొనక్కర్లేదు, పుల్ల మజ్జిగ చిలకరిస్తే చాలు.

నలుగురున్న ఇంటికి పెద్ద సైజే తీసుకోండి. కొనేముందు ఒక బస్తా ఎండాకులు సమకూర్చుకోండి. మా వీధి ఊడ్చే ఆవిడను అడిగితే కానుగాకులు విడిగా పోగేసి ఇస్తున్నారు. దొరకనివాళ్లు నర్సరీలో కొబ్బరి పొట్టు కొనుక్కోవచ్చు.