ఎడెల్వైస్ బ్యాడ్జీల వేటలో యూవీ టార్చ్, భూతద్దం: ఆరేళ్లు వాడాక

పాత సైనిక బ్యాడ్జీలు అసలువో నకిలీవో తేల్చడానికి నేను వాడే రెండు పనిముట్ల సంగతి ముందే చెప్పేస్తాను. 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్‌కి నా మార్కులు ఐదుకి మూడు, పది రెట్ల భూతద్దానికి ఐదుకి ఐదు. ఆరేళ్ల కిందట అడిగి ఉంటే సరిగ్గా తిరగేసి చెప్పేవాణ్ణి.

నేనుండేది మ్యూనిక్‌లో. వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు కొండలు. మిట్టెన్‌వాల్డ్ వైపు కొండలెక్కుతున్న రోజుల్లో ఒక పాత సామాన్ల సంతలో నా మొదటి ఎడెల్వైస్ దొరికింది. ఎడెల్వైస్ అంటే ఆల్ప్స్ కొండల్లో పూసే తెల్ల పువ్వు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పర్వత దళాల వాళ్లు, అంటే గెబిర్గ్స్‌యేగర్లు, టోపీకి ఎడమ పక్కన పెట్టుకున్న, ఆ పువ్వు ఆకారపు లోహపు బ్యాడ్జీ నాకు దొరికింది. కుడి భుజం మీద కోడిగుడ్డు ఆకారంలో బట్ట ప్యాచ్ కూడా ఉండేది. తెల్ల రేకులు, పసుపు కేసరాలు, లేత ఆకుపచ్చ కాడ, చుట్టూ కొండలెక్కే తాడు. ఆ రెండూ సైన్యంలోకి వచ్చింది 1939 మేలో. పువ్వు మాత్రం ఇంకా పాతది. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ 1907లోనే తన కొండ రెజిమెంట్లకు ఇచ్చాడు. 1915లో టిరోల్ సరిహద్దు కాయడానికి వచ్చిన జర్మన్ పర్వత దళం ఆల్పెన్‌కోర్‌కి ఆస్ట్రియా వాళ్లు కృతజ్ఞతగా ఇదే పువ్వు ఇచ్చారు. ఈనాటికీ బాడ్ రైఖెన్‌హాల్‌లోని 23వ పర్వత బ్రిగేడ్ టోపీల మీద ఇదే కనిపిస్తుంది.

తలనొప్పి ఇక్కడే మొదలు. వందేళ్ల పైబడి తయారైన ఎడెల్వైస్‌లన్నీ, టూరిస్టుల టోపీ పిన్నులతో సహా, సంతలో ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి. అమ్మేవాడిని అడిగితే అన్నీ వాళ్ల తాతగారివే.

అందుకే టార్చ్ కొన్నాను. బట్ట తెల్లగా మెరవడానికి వేసే ఆప్టికల్ బ్రైటెనర్ల వాడకం పెరిగింది యుద్ధం తర్వాతే. కాబట్టి 1940 నాటి తెల్ల దారం యూవీ కింద మసకగా ఉండాలి, తర్వాతి దారం నీలి తెలుపుగా వెలగాలి. గీటురాయి మీద గీసినట్టు ఒక్క దెబ్బకు తేలిపోతుందనుకున్నాను. చవకగా వస్తోందని మొదట 395 నానోమీటర్లది తీసుకున్నాను. అది వేస్తే గోడ, చెయ్యి, ప్యాచ్ అన్నీ ఊదారంగే. పెళ్లి పందిట్లో సీరియల్ లైట్ల కింద చీర రంగు చెప్పమన్నట్టు ఉంటుంది. డబ్బు దండగ. తర్వాత నల్ల ఫిల్టర్ ఉన్న 365 కొన్నాను. మొదటి ఏడాది అది నాకు దేవుడే. మూడు నకిలీ ప్యాచ్‌లు ట్యూబ్‌లైట్లలా వెలిగి వాటంతటవే దొరికిపోయాయి.

రెండో ఏడాది ఒక పాత ఇంటి సామాన్లలో కోటు, దాని భుజానికి కుట్టిన ప్యాచ్ కనిపించాయి. టార్చ్ వేశాను, ప్యాచ్ భగ్గుమంది. నవ్వుకుని పక్కకు జరిగాను. నాతో వచ్చిన మా ఆఫీసు పెద్దాయన, బవేరియా మనిషి, మాట్లాడకుండా డబ్బు కట్టి కోటు తీసుకున్నాడు. కారెక్కాక దాన్ని తిరగేసి, "ఇప్పుడు లోపల అస్తరు మీద వెయ్యి" అన్నాడు. అస్తరూ వెలిగింది. జేబు గుడ్డ, కుట్టుదారం, అన్నీ ఒకే నీలం. ఆ ఇంటావిడ కోటును ఎన్నోసార్లు సబ్బుపొడితో ఉతికి ఆరేసింది, అంతే కథ. ఇవాళ్టి సబ్బుపొడిలో ఉండే బ్రైటెనర్ పాత దారానికీ పడుతుంది.

రెండో వైపు నుంచి కూడా దెబ్బ తిన్నాను. అసలు వెలగని నకిలీలు నా దగ్గరే రెండున్నాయి. ఒకదాని వెనక నుంచి దారం కొస లాగి నిప్పంటిస్తే బూడిద కాలేదు, నల్లటి పూసలా ముడుచుకుపోయింది. పాలిస్టర్. అది బట్టల్లోకి వచ్చిందే యుద్ధం తర్వాత. అంటే టార్చ్ ఇచ్చేది అనుమానం, తీర్పు కాదు. వెలిగితే ఎందుకు వెలిగిందో వెతకాలి, వెలగకపోతే ఇంకా ఎక్కువ వెతకాలి.

ఇక భూతద్దం. చిన్నప్పుడు తెనాలిలో మా వీధి కంసాలి కంటికి బిగించుకునేవాడు, ఆ జాతిదే. మూడు గాజు పలకలు కలిపిన ట్రిప్లెట్, పది రెట్లు. ముప్పై, అరవై అని రాసి అమ్మేవాటి జోలికి పోకండి, నేను పోయి చూశాను. వాడే పద్ధతి ముఖ్యం: అద్దం కంటికి ఆనించి, బ్యాడ్జీని రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తేవాలి. మొదట్లో నేను పేపర్ చదివే తాతలాగా చెయ్యి చాచి పట్టుకుని, ఏమీ కనపడటం లేదని తిట్టుకున్నాను.

అచ్చు కొట్టిన లోహానికీ పోత పోసినదానికీ తేడా ముందువైపు మాత్రమే చూస్తే తెలియదు. తిప్పండి. పోతలో సన్నటి గాలిబుడగల మచ్చలు, అంచు చుట్టూ గీత, రేకుల మీద నూగు అరిగిన సబ్బులా మొద్దుగా ఉంటుంది. టోపీకి కుట్టే చిన్న రంధ్రాలు కూడా చూడాలి. ఏళ్ల తరబడి దారం రాపిడి తిన్న రంధ్రం అంచు నునుపుగా ఉంటుంది, నిన్న తొలిచినదానికి గరుకు పెచ్చు ఉంటుంది. ఒకసారి 80 యూరోలు పెట్టి కొన్న పువ్వుకి మూడో రేకు మీద నెలవంక లాంటి చిన్న నొక్కు ఉంది. కొండ మీద రాయి తగిలిందేమోనని మురిసిపోయాను. రెండేళ్ల తర్వాత వేరే ఊళ్లో, వేరే మనిషి దగ్గర, వేరే తాతగారి పువ్వు. అదే రేకు, అదే నెలవంక. దెబ్బ తిన్న అసలుది ఎక్కడో ఒకటి ఉంది, దాని మీద అచ్చు తీసి పోసిన పిల్లలు ఇవి. నా 80 యూరోలది ఇప్పుడు వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంది.

నార్విక్ షీల్డ్ (నార్వేలోని నార్విక్ పోరులో పాల్గొన్న జర్మన్ సైనికులు చేతికి పెట్టుకున్న లోహపు బ్యాడ్జీ) లాంటివాటికి ఈ సరంజామా కంటే ముందు చట్టం తెలియాలి. 1940 ఆగస్టులో పెట్టిన ఆ షీల్డ్ మీద స్వస్తిక ఉంటుంది. 1957 చట్టం ప్రకారం స్వస్తిక తీసేసి మళ్లీ తయారు చేశారు, కాబట్టి అది లేనిదాన్ని యుద్ధకాలపు ధరకు కొనకండి. జర్మనీలో ఆ గుర్తును బహిరంగంగా చూపడం నేరం కాబట్టి సంతలో దాని మీద స్టిక్కర్ అతికిస్తారు. ఆ స్టిక్కర్ కిందే ఏదైనా దాగి ఉండొచ్చు, తీసి చూపించమని పక్కకు పిలిచి అడగాల్సిందే. మా ఇంటి గడప మీద పసుపుతో వేసే గుర్తుకు, దానికి ఉన్న దూరం ఇక్కడికొచ్చాకే నాకు అర్థమైంది.

ఇంకో మాట. ఇది పువ్వే గానీ అమాయకమైన పువ్వు కాదు. 1943 ఆగస్టు 16న గ్రీస్‌లోని కొమ్మెనో ఊళ్లో 317 మందిని చంపింది ఈ పువ్వు పెట్టుకున్న 1వ పర్వత డివిజన్ వాళ్లే. అది చదివాక నా పెట్టెను గోడకెక్కించే ఆలోచన మానేశాను. సొరుగులోనే ఉంటుంది.

టార్చ్ బ్యాటరీ ఇప్పటికి ఒకసారి మార్చాను, పసుపు కళ్లద్దాలు లేకుండా వాడకండి. చిన్న తూకం కూడా కొన్నాను గానీ దాంతో ఇప్పుడు కాఫీ పొడి కొలుస్తున్నాను. ఆ కోటు ప్యాచ్‌ని అమ్మమని పెద్దాయన్ని రెండుసార్లు అడిగాను. "నీ టార్చ్ ఏమంటోంది?" అంటాడు.