పాత మెటాడోర్‌ను క్యాంపర్‌గా మార్చి ఏళ్లుగా వాడుతున్నాం

పాత వ్యాన్‌ను క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని వండుకునే బండిగా, చేయించుకోవాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది టాప్ గురించే. మంచం, వంట, లైట్లు అన్నీ ఆ తర్వాతే. మాది బజాజ్ టెంపో మెటాడోర్. హనుమకొండ దగ్గర ఒక రైస్ మిల్లు వెనక ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటే కొన్నాం. ఇప్పుడు లక్నవరం, రామప్ప, మేడారం జాతర, ఎక్కడికైనా ఇంటిల్లిపాదీ అందులోనే పోతున్నాం.

టాప్ రేకుల అతుకుల్లోంచి, అద్దాల బీడింగ్ పక్కనుంచి వాన నీళ్లు దిగుతాయి. మ్యాట్ కింద నిలిచి అడుగు రేకును తినేస్తాయి. మ్యాట్ ఎత్తి చూస్తే గానీ తెలియదు. కుళ్లిన రేకంతా కోయించి కొత్తది వెల్డింగ్ చేయించాం. పుట్టీతో కప్పేద్దామంటే అస్సలు ఒప్పుకోవద్దు, కింద తుప్పు పెరుగుతూనే ఉంటుంది. అతుకులకు సిలికాన్ కూడా వద్దు, దాని మీద పెయింట్ పట్టదు. మేం పాలీయురేథేన్ సీలెంట్ పట్టించి పైన పెయింట్ వేయించాం. ఇన్ని వానాకాలాల్లో లోపల చుక్క పడలేదు. ప్లైవుడ్ కొట్టకముందే టాప్ మీద పైపుతో నీళ్లు పోయించి, లోపల టార్చి వేసి మూలమూలా చూడాలి. "వాన పడ్డప్పుడు చూద్దాం తియ్ అన్నా" అన్నాడు మేస్త్రీ. నేను వినలేదు, రెండు చోట్ల చెమ్మ అప్పుడే బయటపడింది.

ఎండ సంగతి వేరు. టాప్‌కు తెల్ల పెయింట్, లోపల వేడిని ఆపే నైట్రైల్ రబ్బరు ఫోమ్ వేయించినా, మే నెల మధ్యాహ్నం ఆగి ఉన్న బండిలో కూర్చోలేం. చెట్టు నీడ వెతుక్కోవాల్సిందే. రాత్రి మాత్రం ఫ్యాన్ ఒక్కటి చాలు.

వంటకు 5 కిలోల సిలిండర్. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. అందుకే సిలిండర్ పెట్టె అడుగున బండి బయటికి రంధ్రం పెట్టించాం. పిల్లలు పడుకునే చోట ఇందులో రాజీ లేదు.

ఇంజన్ మీద నాకు చాలా నమ్మకం. మెర్సిడెస్ ఓఎం616 డిజైన్, 2.4 లీటర్ల డీజిల్. ఇంజన్ వాల్వులను సమయానికి ఆడించేది టైమింగ్ బెల్టు కాదు, చైన్. ట్రాక్స్ బండ్లలోనూ ఇదే రకం ఇంజన్ వచ్చింది కాబట్టి సామాను దొరుకుతోంది. ముందు చక్రాలకే డ్రైవ్ ఉండటంతో ఫ్లోర్ బాగా కిందికి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా తనంతట తానే ఎక్కుతుంది. ఇబ్బందల్లా ఆ ముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లతోనే. వరంగల్‌లో దొరకలేదు, హైదరాబాద్‌లో పాత సామాన్ల షాపులన్నీ తిరగాల్సి వచ్చింది. ఒక జత అదనంగా కొని బండిలోనే పెట్టుకున్నాం.

బేరం ఆడకముందే ఆర్సీ చూడండి. సొంత బండికి 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి. బండిని మార్చాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీఓ అనుమతి తీసుకోవాలి. కాగితాలు సరిగ్గా లేకపోతే బండి ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు.